దిగమన్న మాట

"లోపల మంచాలు లేవు. వరండాలో పడుకోబెట్టుకోండి," అన్నాడు ఆసుపత్రి బంట్రోతు, వార్డు గుమ్మానికి అడ్డంగా నిలబడి.

వాడి భుజం మీదుగా మాలకొండమ్మకు లోపల ఖాళీ మంచాలు కనిపిస్తూనే ఉన్నాయి. వాటి మీద ఉతికిన దుప్పట్లు పరిచి ఉన్నాయి. ఒక్క మంచం మీద మాత్రం సావుకారు వీరభద్రయ్యగారి వదిన, బెణికిన కాలు దిండు మీద చాపుకుని కూర్చుంది. ఆమె వంటమనిషి మూలన కుంపటి రాజేసి కాఫీ కాస్తున్నది. మాలకొండమ్మ వెనకాల నులక మంచం మీద ఆమె మొగుడు కొండయ్య దగ్గుతున్నాడు. గని నుంచి నలుగురు మోసుకొచ్చారు. దగ్గినప్పుడల్లా తువ్వాలులోకి నెత్తురు వస్తున్నది.

"ఇది గని కూలోళ్ళ వార్డు గదన్నా. ఈ బండలు మేమే పరిచినాము," అంది.

"ఎవరు చెప్పినారు? ఇది స్పెషల్ వార్డు."

ఆమెకు కాసేపు ఆ మాట అర్థమే కాలేదు. బంట్రోతు ఇంకో వార్డు సంగతి చెబుతున్నాడేమో అనుకుని కిందికి చూసింది. బండలు అవే. రోగి చీకట్లో లేస్తే కాలి బొటనవేలు తట్టుకోకూడదని కొండయ్య అరచేత్తో తడిమి తడిమి అతుకులు సమం చేసిన బండలవి.

ఆ ఆసుపత్రికి చరిత్ర ఉంది. ముఖద్వారం పక్కన పాలరాతి మీద చెక్కించారు. కలెక్టరు దొర పేరుంది, జిల్లా బోర్డు పెద్దల పేర్లున్నాయి, కంట్రాక్టరు వీరభద్రయ్య పేరు అందరికంటే లావుపాటి అక్షరాల్లో ఉంది. చదువుకున్నవాళ్ళు చదివేది ఆ రాయే. అందులో లేనిది మనం చెప్పుకోవాలి. మొదట అది దోర్నాల దారిన శ్రీశైలం పోయే యాత్రికులకు కలరా తగిలితే తెచ్చి పడేసే పెంకుటిల్లు. ఆ తర్వాత వానలు మొహం చాటేసి తర్లుపాడు చుట్టుపక్కల చేలు ఎండితే, రైతులు నాగళ్ళు మూలన పడేసి పలకల గనుల్లోకి దిగారు. మద్రాసు పిల్లలు అక్షరాలు దిద్దుకునే పలకలు వీళ్ళు ఉలితో చీల్చినవే. ఆ పొడి రొమ్ములో చేరి వీళ్ళు దగ్గుతూ వస్తే, పెంకుటింటి మెట్ల మీదనే ఆపేసేవారు. యుద్ధం ముగిసిన ఏడు సర్కారు కొత్త పెద్దాసుపత్రి తలపెట్టింది. కట్టే కంట్రాక్టూ వీరభద్రయ్యకే, దానికి రాయి తీసే గనులూ వీరభద్రయ్యవే.

గనిలో ఒక కట్టుబాటుంది. గని ఒడ్డున ఒక రైలు పట్టా ముక్క వేలాడుతుంటుంది. గని గోడలో పగులు ఎవరి కంట పడితే వాళ్ళు పరుగున పైకొచ్చి పట్టా కొట్టాలి. అది మోగిందంటే మారు మాట లేకుండా పనిముట్లు ఎక్కడివక్కడ పడేసి అందరూ బయటికి రావాలి. మళ్ళీ దిగడం మేస్త్రీ చెబితే కాదు, సావుకారు చెబితే కాదు. పగులు ఎక్కడుందో చూసినవాళ్ళకే తెలుసు గనక, పట్టా కొట్టిన మనిషే ముందు దిగి చూసి, "దిగండి" అనాలి. లేదా "పగులుంది" అనాలి. ఆ మాట మీద ఎన్ని ప్రాణాలు నిలిచాయో ఎవరూ లెక్కపెట్టలేదు.

నిరుడు కొండయ్య అన్న గురవయ్య ఆ పట్టా కొట్టాడు. అప్పుడు గోడ పగల్లేదు. గనిలోనే రాయి మోసే పోలమ్మ కొడుకు చెన్నకేశవులు పెంకుటింటి మెట్ల మీద గుక్క తిప్పుకోలేక చచ్చిపోయాడు. గురవయ్య కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చి పట్టా వాయించి, పైకొచ్చిన జనంతో ఇంతకంటే పెద్ద పగులు ఏముంటుందన్నాడు. కొత్త ఆసుపత్రిలో గని కూలీలకు వార్డు ఇస్తేగాని దిగేది లేదన్నాడు. అంతటి మాట అంతకుముందు ఎవరి నోటా రాలేదు. బండలు రాక ఆసుపత్రి పని ఆగింది. సావుకారు గుర్రబ్బండి కట్టించుకుని గని దగ్గరికి రోజూ రావడం మొదలుపెట్టాడు. చివరికి గురవయ్యను పక్కకు పిలిచి చాలాసేపు మాట్లాడాడు. గురవయ్య తిరిగొచ్చి, సావుకారు వార్డు ఇస్తానన్నాడు, సర్కారు డబ్బు చాలదు గనక బండలు మనమే సెలవు రోజుల్లో ఉత్తపుణ్యానికి పరవాలి, అని చెప్పి, "దిగండి" అన్నాడు. దిగారు. సెలవు రోజు ఇంటి మొహం చూడకుండా బండలు పరిచారు. మన వార్డు అని పిల్లల్ని తీసుకొచ్చి చూపించుకున్నారు కూడా, పిచ్చివాళ్ళు.

మాలకొండమ్మ మొగుణ్ణి వరండాలో ఆయా రోశమ్మకు అప్పగించి గనికి పరుగెత్తింది. గురవయ్య ఇప్పుడు మేస్త్రీ. గొడుగు వేసుకుని ఒడ్డున నిలబడి ఉన్నాడు. బావ వస్తే బంట్రోతు పక్కకు తప్పుకుంటాడని ఆమె ఆశ. రొప్పుతూ సంగతంతా చెప్పి, రా బావా, నీ తమ్ముడే గదా, అని బతిమాలింది. గురవయ్య కదల్లేదు. గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"వార్డు లేదమ్మీ," అన్నాడు.

"నీకిచ్చిన మాట తప్పినాడా సావుకారు?"

"తప్పలేదు. వార్డు మాట ఆ రోజే లేదు. దిగమని చెప్పు, మేస్త్రీని చేస్తా అన్నాడు. చెప్పినా. నాకూ పిల్లలుండారు గదా."

సావుకారు మోసం చేస్తే మాలకొండమ్మకు ఇంత బాధ ఉండేది కాదు. సావుకారు పుట్టిందే అందుకు. ఈ మనిషి ఆమె పెళ్ళిలో పందిరి వేశాడు. ఈ మనిషి దిగమంటే కొండయ్య వెనక్కి చూడకుండా దిగాడు.

"పగులుందని తెలిసీ దిగమంటివి గదా బావా," అంది.

గురవయ్య తల తిప్పుకున్నాడు. ఆమె రాయి అందుకుని పట్టా దగ్గరికి వెళ్ళింది. వద్దమ్మీ, వద్దని అతను చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె విదిలించుకుని కొట్టింది. చెయ్యి తిమ్మిరెక్కేదాకా కొట్టింది.

జనం దుమ్ము కొట్టుకున్న మొహాలతో పైకొచ్చారు. గోడ ఎక్కడ పగిలిందని అడిగారు. ఆమె ఏడుస్తూనే అంతా చెప్పింది. కొందరు గురవయ్య మీదికి పోబోయారు. కొందరు కూలబడి తలలు పట్టుకున్నారు. మళ్ళీ పస్తులుండి మళ్ళీ మోసపోదామా, పోయినసారి మనవాడే అమ్మేశాడు, ఈసారి ఎవరు అమ్ముతారో అని ఒకడు గట్టిగానే అన్నాడు. అప్పుడు కొడుకు పోయిన పోలమ్మ లేచింది.

"అమ్ముడుపోయింది వాడు. మన పట్టా కాదు. పదండి ఆసుపత్రికి," అంది.

తర్లుపాడు రోడ్డు పొడుగునా జనమే. ఆడవాళ్ళు చంకన బిడ్డలతో, మగవాళ్ళు చేత ఉలి సుత్తులతోనే నడిచారు. వాళ్ళు చేరేసరికి ఆసుపత్రి ముందు పోలీసులూ, వాళ్ళ వెనకాల వీరభద్రయ్యా ఉన్నారు. సావుకారు వదినను ఇంటికి పంపించేసి వార్డుకు తాళం వేశారు. సబిన్‌స్పెక్టరు మాలకొండమ్మను ఒక్కదాన్నే వరండాలోకి పిలిచాడు. కట్టుబాటు సంగతి ఎవరో అతని చెవిన వేసినట్టున్నారు.

"నువ్వు చెబితేనే దిగుతారంట గదా. చెప్పు. తాళం తీయించి నీ మొగుణ్ణి ఇప్పుడే లోపల మంచం మీద పడుకోబెట్టిస్తా. డాక్టరు వచ్చి చూస్తాడు."

అబద్ధమెందుకు, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కొండయ్య రొమ్ము ఎగిరెగిరి పడుతున్నది. ఒక్క మాట, అంతే. రేపు మళ్ళీ పట్టా కొట్టొచ్చులే అని కూడా అనుకుంది. కొండయ్య ఆమె కొంగు పట్టి లాగాడు.

"మా అన్నకు మేస్త్రీ పని ఇచ్చినారు. నాకు మంచం ఇస్తామంటున్నారు," అన్నాడు ఆగి ఆగి. "రెండూ ఒకటే బేరం మే. నోరు తెరవొద్దు."

ఆమె నోరు తెరవలేదు. చేతులకు బేడీలు వేసి ఆమెను స్టేషనుకు నడిపించారు. వెనకాల తాళం పగిలిన చప్పుడు, లాఠీల చప్పుడు, వాటన్నిటి మీదుగా పోలమ్మ గొంతు వినిపించాయి. ఎవరు ఎవర్ని కొట్టారో ఆమెకు తెలియదు. తిరిగి చూడనివ్వలేదు.

మర్నాడు పొద్దున, దిగమని చెప్పించడానికి ఆమెను గని ఒడ్డుకు తీసుకొచ్చారు. జనమంతా అక్కడే ఉన్నారు. కొందరి తలలకు గుడ్డ కట్లున్నాయి. గురవయ్య అప్పటికే దిగండి, దిగండి అని గొంతు పోయేలా అరిచి ఉన్నాడు. ఒక్కరూ లేవలేదు. పట్టా కొట్టింది నువ్వు కాదుగా అని పోలమ్మ అతనికి ఒక్కటే జవాబు చెప్పిందట.

సబిన్‌స్పెక్టరు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. సావుకారు పక్కనే ఉన్నాడు. మాలకొండమ్మ కళ్ళు జనంలో వెతికాయి.

"అత్తా, ఆయనెట్ల ఉన్నాడు?"

పోలమ్మ దగ్గరికొచ్చి ఆమె బేడీల మీద చెయ్యి వేసింది. "తెల్లారేసరికి పోయినాడు తల్లీ. లోపలే, మంచం మీదనే పోయినాడు. వాళ్ళు ఎంత కొట్టినా దించనీలేదు మేము. మిగతా రోగమోళ్ళంతా ఇప్పుడు ఆ మంచాల మీదనే ఉన్నారు."

మాలకొండమ్మ ఏడవలేదు అని చెబితే మీరు నమ్మొద్దు. ఏడ్చింది. బండ మీద కూలబడి, గుండెలు బాదుకోవడానికి బేడీలు అడ్డమొస్తుంటే ఏడ్చింది. సబిన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. సావుకారు ఇదే అదననుకున్నాడు కాబోలు, పోయినవాడు ఎట్లాగూ పోయాడు, వార్డు సంగతి తర్వాత చూద్దాం, జనం కడుపు మాడ్చకమ్మా, దిగమని చెప్పు, అన్నాడు మెత్తగా.

ఆమె లేచింది. పట్టా కొట్టిన మనిషే ముందు దిగి చూడాలి. బేడీలతోనే మెట్లు దిగింది. ఎవరూ ఆపలేదు. గని అడుగున, కొండయ్య రోజూ కూర్చుని పలకలు చీల్చిన చోట నిలబడింది. అతని ఉలి అక్కడే పడి ఉంది. పైన ఒడ్డు చుట్టూ మనుషులు వంగి చూస్తున్నారు. గురవయ్య కూడా చూస్తున్నాడు.

ఆమె తలెత్తి, అందరికీ వినిపించేటట్టు చెప్పింది.

"పగులుంది."

ఒడ్డు మీద జనం ఎక్కడివాళ్ళక్కడ కూర్చున్నారు.