వెంకట్రామ్ లాగిన్

"హైమా, కాఫీ!"

హాల్లోంచి కేక వచ్చేసరికి హైమ గ్రైండర్ ముందర కూర్చుని పిండి తోస్తా ఉంది. ఉద్దిపప్పు సగమే నలిగింది. ఆ కేకకు అర్థం ఒట్టి కాఫీ కాదని ఆమెకు ఏడేండ్లుగా తెలుసు. వచ్చినవాళ్ళు ఏదో అడిగి ఉంటారు, వెంకట్రామ్‌కు జవాబు తెలిసి ఉండదు. లోటా అతని ముందర పెట్టేటప్పుడు వంగి, అతని చెవికి మాత్రం అందేట్టు జవాబు చెప్పి రావాలి. పెండ్లయిన కొత్తలో ఒక తూరి అట్ల జరిగింది. తర్వాత అదే ఆ ఇంటి ఆచారమైపోయింది.

కింద ఎవర్‌సిల్వర్ స్టీలు పాత్రల హోల్‌సేల్ అంగడి, పైన ఇల్లు. పురసవాక్కంలో మూడు తరాలుగా అంతే. ఏ గోడౌన్లో ఏ సరుకుందో, ఏ ఊరి డీలర్‌కు ఏమి పోవాలో, అంతా దాచుకున్న సర్వరు హాల్లో దేవుడి అల్మారా పక్కన ఉంటుంది. ఆయుధపూజ నాడు దానికి బొట్టు పెట్టేది వెంకట్రామ్. దాన్ని ఏర్పాటు చేసింది, మొరాయిస్తే అన్నం మానుకుని బాగుచేసింది హైమ. మొదటి రోజే మామ రంగనాథం అన్నాడు: "ఆడకూతురి పేరు మిషన్లో ఎందుకమ్మా? మావాడి పేరే పెట్టు." పెట్టింది. పాస్‌వర్డ్ ఏమిటని మాత్రం ఎవరూ అడగలేదు. తన ఎం.సి.ఏ. రిజిస్టర్ నంబరు పెట్టుకుంది. మార్కెట్లో మూటలు మోసిన నాయన, అక్షరాలు రాని మనిషి, ఫలితాల కాగితం మీద వేలు పెట్టి అంకె అంకె కూడబలుక్కుని వెతికిన నంబరు అది.

హైమ ఉద్యోగం అడిగిన అంబత్తూరు కంపెనీవాళ్ళు ఇంటర్వ్యూలో ఆమె చెప్పినవాటన్నిటికీ తల ఊపినారు. ఏడేండ్లు ఈ పని చేసినట్టు ఒక ఉత్తరం తెమ్మన్నారు, ఈ సాయంత్రం లోపల. నిన్న అడిగితే వెంకట్రామ్ నవ్వినాడు. "ఇంట్లో చేసిన పనికి సర్టిఫికెట్టా? రేపు సాంబారుకు కూడా రాసియ్యమంటావా?" అత్త అలమేలు తువాలు మడుస్తానే అందుకుంది: "మన కోడలు బస్ స్టాపులో నిలబడితే పురసవాక్కం వాళ్ళు ఏమనుకుంటారు?" హైమ పోయి సర్వరు తెరిచి చూసుకుంది. ప్రతి మార్పు పక్కనా, చేసినవారు అన్న చోట, వెంకట్రామ్, వెంకట్రామ్. జ్వరంతో కొట్టినవి, బిడ్డను ఒడిలో వేసుకుని ఒంటిచేత్తో కొట్టినవి, రెండో బిడ్డ కడుపులోనే పోయిన వారం కండ్లు తుడుచుకుంటా కొట్టినవి, అన్నీ వెంకట్రామే. రేపు తాను చచ్చిపోతే, తానొకతె ఈ పని చేసిందని ఈ సర్వరు కూడా చెప్పదు.

ఈ రోజు శ్రీకుమార్ వచ్చినాడు, సర్వరు చూసుకునేదానికి కొత్తగా జీతానికి పెట్టుకున్న మనిషి. ఇకమీద ఎవరి లాగిన్ వాళ్ళకు. రంగనాథం ఎనిమిది పేర్లు చెప్పి రాయించినాడు. గోడౌన్ నాగప్పన్ పేరు కూడా ఉంది. "మరి నాకు, మామా?" అంటే, "నీకెందుకమ్మా, ఇంటి మనిషివి" అన్నాడు.

హైమ కాఫీ కలిపింది. మూడు లోటాల్లో పోయాల్సింది, నాలుగు పోసింది. ఎందుకు పోసిందో ఆమెకే తెలీదు.

హాల్లో శ్రీకుమార్ ఆమె రాసిచ్చిన కాగితం చూస్తా ఉన్నాడు. "సూపర్ సార్! ఎవరు ఏ మిషన్ నుంచి రావచ్చో, ఎవరికి ఏది కనబడాలో, ఎంత క్లియర్‌గా రాసినారు! మీరేనా?"

"అదా... టైం దొరికినప్పుడు," అన్నాడు వెంకట్రామ్.

"సరి. పెద్ద లాగిన్ మీదే కదా, పాస్‌వర్డ్ కొట్టేయండి. ఎనిమిదిమందికీ ఇప్పుడే తెరిచేస్తా."

వెంకట్రామ్ కీబోర్డు మీద వేళ్ళు పెట్టి తీసినాడు. హైమ లోటా పెట్టింది. అతను చెవి ఇటు వంచినాడు. ఆమె ఏమీ చెప్పలేదు.

"ఏమి మే అది?" గొణిగినాడు.

హైమ మిగిలిన రెండూ మామకు, శ్రీకుమార్‌కు ఇచ్చింది. గోడ పక్కన ముక్కాలిపీట లాక్కుని, నాలుగో లోటా పట్టుకుని కూర్చుంది. మామ ముందర ఆమె కూర్చోవడం అదే మొదలు. చేతులకు ఇంకా పిండి ఉంది.

"అమ్మాయ్," అన్నాడు రంగనాథం, "అడిగింది చెప్పేసి లోపలికి పో."

"చెప్పేది కాదు మామా, నేనే కొట్టాలి." శ్రీకుమార్ వైపు తిరిగింది. "ఆయనకు తెలీదు సార్. ఏడేండ్లుగా ఆయన పేరుతో లోపలికి పోయి పని చేసింది నేను. ఆ మాట అంగడి లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం పెట్టి నా చేతికిస్తే, కొడతాను."

శ్రీకుమార్ లోటా వైపు తల దించుకున్నాడు. వెంకట్రామ్ మొహం నల్లబడింది. శ్రీకుమార్ వెళ్ళిపోయినాక ఏం జరుగుతుందో హైమకు తెలుసు. తెలిసే కూర్చుంది.

వంటింట్లో గ్రైండర్ తిరగతానే ఉంది. పిండి నలిగిపోయి రాళ్ళ చప్పుడు మారింది. దాన్ని ఆపమని ముగ్గురూ ఆమె వైపే చూసినారు. హైమ ఇంకో గుక్క కాఫీ తాగింది.