వ్యాను కాపలా

కాలర్డ్ ఆకుకూరలో ఇసక ఓ పట్టాన పోదు. నీళ్ళు మార్చి మార్చి కడుగుతుంటే వెనకనించి మా అత్త అంది, "ఇవాళైనా పళ్ళకింద కరకరలాడకుండా చూడు వెర్లీన్. పాస్టరుగారు కూడా తింటారు." దేవుడు మా అత్త మోకాళ్ళలో బలం తీసి నాలిక్కి పెట్టాడు.

ఎన్నికలొస్తే అమెరికాలో మా జార్జియా ఊళ్ళో ఆదివారం ప్రార్థన కాగానే మా నల్లవాళ్ళ చర్చి వ్యాను నేరుగా ఓట్లేసే చోటికి పోతుంది. తోలేది నేనే. ఆడవాళ్ళంతా చేతిసంచులు నా ఒళ్ళో పడేసి, టోపీలు సర్దుకుని వెళ్ళి వరసలో నిలబడతారు. నేను దిగను. జైలుకెళ్ళినవాళ్ళకి శిక్ష తీరేదాకా ఓటు లేదు. బయటికొచ్చాక ఆఫీసరు దగ్గర హాజరు వేయించుకుంటూ తిరిగిన ఏళ్ళు కూడా శిక్షలోవే. అవి ఈ వసంతంలో తీరిపోయాయి. "ఓటర్ల జాబితాలో నీ పేరు ఎక్కించాను, ధైర్యంగా వెళ్ళి ఓటెయ్యి" అంది నా కాయితాలు చూసిన లాయరమ్మాయి. పక్కవీధి జెనీవాకి కూడా ఎవరో అలాగే చెప్పారు. పాపం, ఆవిడ శిక్ష ఇంకా కొంచెం మిగిలే ఉందట. ఓటేసిన సంబరానికి కేకు కూడా చేసుకుంది. కొన్నాళ్ళకి, శిక్ష తీరకుండా ఓటెయ్యడం నేరమని పోలీసులొచ్చి, పిండి చేతులతోనే తీసుకెళ్ళారు. అప్పట్నించీ ఇంటిముందు ఏ కారు ఆగినా నా అరికాళ్ళు చల్లబడతాయి.

అసలు నన్ను జైలుకి పంపిన ఆ మత్తుమందు ప్యాకెట్టు నాది కాదు. మా ఆయన తాడియస్‌ది. కారు నేను తోలుతున్నాను. పోలీసు లైట్లు అద్దంలో మెరవగానే నా సీటు కిందికి తోసేశాడు. "నువ్వు ఆడదానివి, జడ్జి జాలి పడతాడు. నాకైతే ఉద్యోగం పోతుంది, అమ్మ గుండె ఆగిపోతుంది" అన్నాడు. అంట్లు తోమినట్టే, బట్టలు ఉతికినట్టే, అదీ నా పనే అనుకుని ఒప్పేసుకున్నాను. ఆ రోజు కోర్టులో అంతకంటే పెద్ద ప్యాకెట్టుతో దొరికిన తెల్ల కుర్రాడు వాళ్ళ నాన్న భుజమ్మీద చెయ్యేసుకుని ఇంటికెళ్ళాడు. నేను జైలుకెళ్ళాను. మా ఆయన చర్చిలో డీకను, అంటే సంఘపెద్ద అయ్యాడు. ఆయన ప్రార్థన అందుకుంటే అది ముగిసేలోగా ముసలి కోడి కూడా మెత్తగా ఉడికిపోతుంది. "జైలుపక్షిని ఏలుకుంటున్నాడు, నా కొడుకు దేవుడు" అంటుంది అత్త. అది విని కూడా ఆ దేవుడు నోరు విప్పడు.

ఇవాళ వ్యాను ఆపి, తాళం తీసి, నేనూ దిగాను.

"ఎక్కడికే? మా సంచులు ఎవరు చూస్తారు?" అంది అత్త.

"నీ కొడుకు చూస్తాడు అత్తా."

మా ఆయన నవ్వుతూనే వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు. గొంతు మాత్రం తగ్గించాడు. "పిచ్చెక్కిందా? జెనీవా సంగతి మర్చిపోయావా? పాత కేసు తిరగదోడితే ఏం చెప్తావ్?"

ఆయన చెయ్యి వణుకుతోంది. నా మీద ఇంత ప్రేమా అనుకున్నాను ఒక్క క్షణం. తర్వాత అర్థమైంది, ఆ వణుకు నాకోసం కాదు. ఇన్నేళ్ళూ నేను మోసింది ఆయన నేరం ఒక్కటే కాదు. ఆయన భయం కూడా నేనే మోశాను.

చెయ్యి విడిపించుకుని వరసలో నిలబడ్డాను. గుమ్మంలో పోలీసు ఉన్నాడు. అతన్ని దాటుకుని లోపలికెళ్ళాను. బల్ల దగ్గర కూర్చున్నావిడ నా పేరు కంప్యూటర్లో కొట్టి, తెరకేసి చూసింది. మళ్ళీ చూసింది.

"ఒక్క నిమిషం ఉండమ్మా, పైవాళ్ళని అడగాలి" అని ఫోను ఎత్తింది.

వెనక్కి తిరిగాను. మా ఆయన తలుపు దగ్గర, ఆడవాళ్ళ సంచులన్నీ గుండెకి హత్తుకుని నిలబడున్నాడు. వచ్చెయ్యమని తలతో సైగ చేశాడు.

నేను కదల్లేదు. అడగనీ. పాత కేసు తోడతానంటే తోడనీ. ఈసారి ఆ ప్యాకెట్టు ఎవరిదో చెప్తాను.