చలి లేని ఊరి చలికోటు

నేను ఒక చలికోటును. విచిత్రమేమిటంటే, చలి లేని ఊళ్ళో పుట్టాను. నన్ను కుట్టిన మనిషి మంచు కురవడం ఎన్నడూ చూసి ఎరగదు.

ఆ ఊరి పేరు బెయ్‌హాయ్. దక్షిణ చైనాలో సముద్రం ఒడ్డున ఉంటుంది. దేశంలో సగం గడ్డకట్టుకుపోయే రోజుల్లో కూడా అక్కడి జనం పల్చటి చొక్కాలతో వీధిలో కూర్చుని పేకాడుకుంటారు. పాత బజారులో, కొట్లన్నిటి ముందూ వరసగా స్తంభాల వసారా సాగిపోయే వీధిలో, సియూలన్ అనే ఆవిడకు దర్జీకొట్టు ఉంది. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కతే కూతురు, మింజూ. మెరిసే ముత్యమని ఆ పేరుకు అర్థం.

మింజూకి దేశానికి ఆ కొసన, హార్బిన్ నగరంలో డాక్టరు చదువుకు సీటు వచ్చింది. అక్కడ నది గడ్డకట్టి దాని మీద బళ్ళు నడుస్తాయని ఎవరో చెబితే సియూలన్‌కి గుండె జారిపోయింది. మర్నాడు చేపల బజారుకు వెళ్ళి, చేపలు నిలవపెట్టే మంచుపెట్టెలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, వేళ్ళు మొద్దుబారేదాకా అలాగే ఉంచింది. ఆ చలికి ఎంత దూది కావాలో అంచనా వేసుకుంది. ఇంటికొచ్చి ఆ అంచనాకు మరింత కలిపి నన్ను కుట్టింది. తెలియనిదానికి భయపడ్డప్పుడు మనుషులు దాన్ని రెండింతలుగా ఊహించుకుంటారు. అందుకే నేను ఉండవలసిన దానికన్నా లావుగా పుట్టాను.

ముదురాకుపచ్చ గుడ్డ, లోపల పట్టు అస్తరు, గుడ్డతోనే చుట్టిన గుండీలు, చెవుల దాకా లేచే కాలరు. కాలరు లోపల ఎర్రదారంతో కొట్టు పేరూ ఊరి పేరూ కుట్టింది. పిల్ల తప్పిపోతే ఎవరైనా చూసి ఇంటికి చేరుస్తారన్నట్టు.

మొదటి శీతాకాలమంతా మింజూ నన్ను ఒంటి మీంచి దించలేదు. దూదిది ఒక స్వభావం. ఒక ఒంటికి అలవాటు పడితే ఆ ఒంటి ఆకారంలోనే సర్దుకుంటుంది. ఆమె కుడిభుజం కాస్త కిందికి ఉండేది, నాదీ అలాగే అయింది.

రెండో ఏటికి ఆమెకు స్నేహితురాళ్ళయ్యారు. పరుపు నడిచొస్తోందని వాళ్ళు నన్ను చూసి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ సాయంత్రం అద్దం ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత నడుము దగ్గర బిగుతుగా ఉండే పల్చటి ఎర్రకోటు ఒకటి కొనుక్కుంది. అందులో ఆమె చాలా బాగుండేది, గాలి మాత్రం దానిలోంచి దర్జాగా వచ్చిపోయేది. నన్ను హాస్టలు కింద గదిలో ఉండే ఆయమ్మకిచ్చి, మోకాళ్ళ నొప్పులకు కప్పుకోమంది. ఆ గది పక్కనున్న మెట్ల మీదే కూర్చుని తల్లితో ఫోనులో మాట్లాడేది. కోటు వేసుకుంటున్నావా అని అక్కణ్ణుంచి అడిగినప్పుడల్లా ఆఁ అనేది. తలుపు వెనక మేకుకు వేలాడుతూ నేను వినేదాన్ని.

ఆ శీతాకాలం చివర ఆమెకు జ్వరం వచ్చింది. పరీక్షలున్నాయని మాత్రలు మింగి తిరిగింది. జ్వరం ఛాతీలోకి దిగింది. ఎర్రకోటుతోనే ఆస్పత్రికి తీసుకుపోయారు. తిరిగి తీసుకురాలేదు. మేనమామ వచ్చి అస్థికలూ, పెట్టే పట్టుకుపోయాడు. నేను కింద గదిలో ఉన్న సంగతి అతనికి తెలియదు. ఆయమ్మకు చెప్పాలని తోచలేదో, నోరు రాలేదో. ఆ తర్వాత ఆమె నన్ను మోకాళ్ళ మీద కప్పుకోలేదు. తలుపు వేసినప్పుడల్లా నేను కాస్త ఊగేదాన్ని. ఆమె అటు చూసేది కాదు.

ఇంకో శీతాకాలం అలాగే గడిచాక, ఆకులు రాలే రోజుల్లో అదే డాక్టరు చదువుకు దేదీప్య వచ్చింది. విజయనగరం దగ్గర సాలూరు ఆమెది. తండ్రి లారీలకు బాడీలు కట్టే షెడ్డులో మేస్త్రి. ఊరి బజారులో కొనుక్కున్న ఊలు స్వెట్టరుతో ధైర్యంగా దిగింది గాని, మొదటి మంచుకే పెదాలు నీలం రంగుకు తిరిగాయి. ఆయమ్మ ఏమనుకుందో, నన్ను మేకు మీంచి తీసి ఆ పిల్ల భుజాల మీద వేసి, మళ్ళీ ఇవ్వక్కర్లేదని సైగ చేసింది. ఎవరిదని అడగడానికి దేదీప్యకు అప్పటికింకా వాళ్ళ భాష రాదు.

ఇద్దరిదీ ఒకటే ఎత్తు. నాకు గుండీలు పెట్టగానే దేదీప్య కుడిభుజం కాస్త కిందికి దిగింది.

మొదటి వారంలోనే, క్యాంటీను దారిలో వెనక నుంచి ఎవరో మింజూ అని పిలిచారు. ఆమె తిరిగింది. పిలిచిన పిల్ల ముఖం పాలిపోయింది. ఏదో గొణిగి గబగబా వెళ్ళిపోయింది. మర్నాడు గ్రంథాలయం మెట్ల మీద మరొకరు. ఇంకోసారి, చిలగడదుంపలు కాల్చి అమ్మే ముసలాయన. పిలుపు విని తిరగడం, పిలిచినవాళ్ళు కళ్ళు దించుకోవడం. అది నమస్కారం లాంటి మాటేనని ఆమె రూమ్మేటు ఎస్తేరురాణి తేల్చేసింది. ఎస్తేరుది బాపట్ల. తేలని సంగతులంటే ఆమెకు చిరాకు.

భాష వచ్చేసరికి అది నమస్కారం కాదనీ, ఒక ఆడపిల్ల పేరనీ దేదీప్యకు అర్థమైంది. అడుగుదామంటే అప్పటికే ఆయమ్మ ఉద్యోగం మానేసి వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. తన వీపు మీద ఇంకెవరి పేరో ఉంది. మంచులో ఒంటరిగా నడిచేటప్పుడు తన అడుగులతో పాటు మరో జత అడుగులు పడుతున్నట్టు ఆగి వినేది. ఆగితే ఏమీ ఉండేది కాదు. అయినా నన్ను విడిచిపెట్టలేదు. భయం కన్నా చలి పెద్దది.

రెండో ఏడు శీతాకాలపు సెలవులిచ్చారు. ఇంటికి వెళ్ళి రావడానికి చాలినంత డబ్బు లేదు. నాలుగు రోజులు ఎండ ఉన్న ఊరికి ఎక్కడికైనా పోదామని ఎస్తేరు పోరింది. దేదీప్య నా కాలరు తిరగేసి ఎర్రదారం అక్షరాలు కూడబలుక్కుంది.

"ఈ ఊరు ఎల్దామే. సముద్రం కూడా ఉందట. చంకలో కుట్టు ఊడిపోయింది గదా, కుట్టినోళ్ళ దగ్గరే ఏయించుకుందాం."

"కోటు పుట్టింటికి మనం తోడు పోవాలేందే? సరే, ఎండుంటే చాలు. పోదాం పా."

కుట్టు ఒక సాకని ఎస్తేరుకు తెలియదు. నాకు తెలుసు. ఆ పేరు ఎవరిదో తేల్చుకుంటే తప్ప ఆ పిల్లకు మనసు కుదుటపడేట్టు లేదు.

రైలు దక్షిణానికి దిగుతున్న కొద్దీ జనం ఒక్కొక్క బట్టే విప్పుకుంటూ వచ్చారు. కిటికీ బయట తెలుపు పోయి గోధుమరంగు, ఆ తర్వాత ఆకుపచ్చ వచ్చింది. బెయ్‌హాయ్‌లో దిగేసరికి ఎస్తేరు చొక్కా చేతులు మడుచుకుంది. నేను దేదీప్య చేతి మీద బరువుగా వేలాడాను. ఉత్తరాది చలికి తాళలేక అక్కడికి చేరిన ముసలి దంపతులు సముద్రపు ఒడ్డున వ్యాయామం చేస్తూ నన్ను చూసి నవ్వుకున్నారు. ఎస్తేరు చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళలోకి పరుగెత్తింది. దేదీప్య ఇసుకలో కూర్చుని నన్ను ఒళ్ళో పెట్టుకుంది. చాన్నాళ్ళ తర్వాత ఒంటికి అంత ఎండ తగిలింది. అయినా ఆమె చేతులు చల్లగానే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే పాత బజారుకు వెళ్ళారు. కొట్టులో అడుగు పెడుతూనే దేదీప్య ఆగిపోయింది. గోడకు నాలాంటి కోట్లే మూడు వేలాడుతున్నాయి. అదే ముదురాకుపచ్చ, అవే గుడ్డ గుండీలు. చెమట పట్టే ఊళ్ళో, ఎవరూ కొనని చలికోట్లు.

సియూలన్ మిషను మీంచి తలెత్తింది. జుట్టు తెల్లబడిపోయింది. చంక కుట్టు ఊడిందని చెప్పి దేదీప్య నన్ను బల్ల మీద పరిచింది. అలవాటుగా టేపు అందుకోబోయిన ఆ చెయ్యి నా కాలరు మీద ఆగింది. తిరగేసి ఎర్రదారాన్ని వేలితో తడిమింది. ఆ తర్వాత ముఖం నాలో దాచుకుని వాసన చూసింది. కొబ్బరినూనె వాసన తగిలి ఉంటుంది. అది ఆమె కూతురిది కాదు.

"ఇది నీకెవరిచ్చారమ్మా?"

హాస్టలు ఆయమ్మ ఇచ్చిందని, ఆమె గదిలో తలుపు వెనక ఉంటే తీసిచ్చిందని దేదీప్య చెప్పింది.

"మా మింజూది," అందావిడ.

దేదీప్య తలెత్తి చూసింది. మిషను పైన గోడ మీద ఒక ఫొటో ఉంది. మంచులో నిలబడి నవ్వుతున్న పిల్ల, ఒంటి మీద నేను. కుడిభుజం కాస్త కిందికి. ఇంకేమీ అడగక్కర్లేకపోయింది.

సియూలన్ నన్ను ఎత్తి చాపింది. ఒక్కసారి తొడుక్కుని ఆ వసారా చివరిదాకా నడిచి చూపిస్తావా అని అడిగింది. ఎస్తేరు తెలుగులో గుసగుసలాడింది.

"వద్దే. నాకు గుండె దడదడలాడతంది. పోదాం."

"ఉండవే. ఒక్కసారే గదా," అంది దేదీప్య.

ఆ ఉక్కలో నాకు గుండీలన్నీ పెట్టుకుని స్తంభాల మధ్య నుంచి నడిచింది. పేకాడేవాళ్ళు ముక్కలు దించి చూశారు. సగం దూరం పోయాక వెనక నుంచి పిలుపు వినిపించింది.

"మింజూ."

ఆ పేరుతో ఆమెను ఎంతమందో పిలిచారు. ప్రతిసారీ తిరిగింది, ప్రతిసారీ పిలిచినవాళ్ళ ముఖం వాడిపోవడం చూసింది. ఈసారి ఆగింది గాని తిరగలేదు. తల కాస్త వంచుకుని, భుజాలు కదపకుండా నిలబడింది. మెడ మీంచి చెమట నా కాలరులోకి జారుతోంది. ఆ కాసేపు నా లోపల ఎంతమంది ఉన్నారో నాకే తెలియదు. సియూలన్ కూర్చుందేమో, వెనక కుర్చీ కిర్రుమన్న చప్పుడు విన్న తర్వాతే ఆమె మళ్ళీ నడిచి, వీధి చివర నన్ను విప్పి, చేతి మీద వేసుకుని తిరిగి వచ్చింది.

సియూలన్ టీ పోసింది. గోడ మీది కోట్ల గురించి అప్పుడు చెప్పింది. కూతురు పోయినప్పటి నుంచి ఏటా ఒకటి కుడుతోంది. ఒకదానికి కాలరు పెంచింది, ఒకదానికి ముంజేతుల దగ్గర అల్లిక పెట్టింది, ఇంకోదానికి దూది రెండు వరసలు చేసింది. తను చేసిన తప్పేదో ఎక్కడో ఒక కోటులో బయటపడుతుందని ఆమె ఆశ. ఆవిడకు మతి చలించిందని వీధిలో అనుకుంటారు.

"నువ్వు వేసుకున్నావు కదా, నీకు తెలుస్తుంది. నన్ను నొప్పించకూడదని అబద్ధం చెప్పకు. చలి ఎక్కడి నుంచి దూరుతుంది?"

దేదీప్య వెంటనే, సంతోషంగా జవాబు చెప్పింది. ఆ తల్లి గుండె మీది బరువు దించగల మాట తన దగ్గర ఉన్నందుకు సంతోషం.

"ఎక్కడి నుంచీ దూరదు, ఆయీ." ఆయీ అంటే వాళ్ళ భాషలో పిన్ని. "నేను రెండు శీతాకాలాలు వేసుకున్నాను. నాకు జలుబు కూడా చెయ్యలేదు."

సియూలన్ తలూపింది. ఊపుతున్న తల మధ్యలో ఆగిపోయింది.

"ఆయమ్మ గదిలో ఉందన్నావు కదూ."

"అవును."

"అయితే మా పిల్ల దీన్ని వేసుకోలేదన్నమాట."

తన మాట ఎక్కడికి దారి తీసిందో దేదీప్యకు అప్పుడు అర్థమైంది. ఉతకడానికి ఇచ్చిందేమో, ఆరబెట్టడానికేమో అని తడబడింది. సియూలన్ చెయ్యెత్తి చాలన్నట్టు ఆపింది. నాకు నోరు లేనందుకు చాలాసార్లు బాధపడ్డాను గాని, ఆ క్షణంలో మాత్రం లేకపోవడమే మంచిదనిపించింది. మెట్ల మీద కూర్చుని ఫోనులో ఆఁ అనడం నేను విన్నాను. ఆ మాట ఒక్కటైనా ఆవిడ దగ్గర నిజంగా మిగలనీ అనుకున్నాను. కాని ఆవిడ దర్జీ. చిన్న దారం అందినా వస్త్రమంతా విప్పి చూడగలదు.

సూదిలో దారం ఎక్కించి, ఎవరూ అడగకుండానే నా చంక కుట్టు వేసింది. తర్వాత గోడ మీంచి కొత్త కోటు దించి దేదీప్య చేతులకు సరిపోయేలా ముంజేతులు సవరించింది. మరొకటి ఎస్తేరుకిచ్చింది. వద్దని అంతగా అన్న ఎస్తేరే అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది. నన్ను ఇక్కడే ఉంచమని దేదీప్యే అంది. వెళ్ళబోతూ వంగి ఆవిడ పాదాలు తాకింది. ఏదో కింద పడిందనుకుని సియూలన్ కూడా వంగి నేల మీద వెతికింది.

వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా చూసి, సియూలన్ కొట్టు తలుపు దగ్గరగా వేసింది. నన్ను తీసుకుని తొడుక్కుంది. తను కుట్టిన చలికోటును ఆమె ఎన్నడూ తొడుక్కుని ఎరగదు. చేతులు పొడుగై వేళ్ళు కప్పేశాయి. గుండీలన్నీ పెట్టుకుని, కాలరు చెవుల దాకా లేపుకుని మిషను ముందు కూర్చుంది. చెమట కణతల మీంచి కారి గడ్డం దగ్గర బొట్లు కట్టింది. విప్పలేదు. ఎదురుగా గిరాకీలు కూర్చునే కుర్చీ ఉంది. దాని వంక చూస్తూ, ఇన్నేళ్ళలో మొదటిసారి, కోప్పడింది.

"ఇంత వెచ్చగా ఉందే. ఎందుకు వేసుకోలేదే, పిచ్చిదానా?"

ఆ కుర్చీలో ఎవరైనా ఉన్నారని నేను చెప్పలేను. లేరనీ చెప్పలేను. దాని గడ్డి అల్లిక చిన్నగా చప్పుడు చేసింది, సముద్రపు గాలికి గడ్డి అలా చేస్తుంది. ఆవిడ కోప్పడుతూనే ఉంది. పరీక్షలేమిటని, మాత్రలు మింగి తిరగడమేమిటని, ఎవరో నవ్వుతారని కోటు మానేస్తావా అని. గొంతు బొంగురుపోయేదాకా అలాగే తిట్టి, ఆ తర్వాత నా చేతుల్లో తల పెట్టుకుని ఏడ్చింది.

మర్నాడు నన్ను వసారా బయట, ఎండలో, వెదురు గడకు ఆరేసింది. లోపల గోడ మీద మిగిలిన ఒక్క కోటునూ దించి మడిచి పెట్టేసింది. ఆ ఏడు కొత్తది మొదలుపెట్టలేదు. పక్కకొట్టు చేపల వడియాలావిడ ఆగి, ఈ కోటు ఎవరిదని అడిగింది. అడిగాక నాలుక కరుచుకుంది. సియూలన్ నా భుజం మీది దుమ్ము దులుపుతూ, ఏ తల్లయినా చెప్పే మాటే చెప్పింది.

"మా అమ్మాయిది. వేసుకోమంటే వేసుకునేది కాదు."