పప్పు ఉడికేలోగా

ఫోన్ మోగింది. భార్గవ్ పసుపు చేత్తోనే ఎత్తాడు.

“పంజాగుట్టల ఆటో ఇరుక్కుంది. పావుగంటల నేను, అమ్మ ఇంట్ల ఉంటం. వంట ఎంతదాక వచ్చింది?” భార్య రజని గొంతు తగ్గించి అడిగింది.

“పప్పు స్టవ్ మీదుంది. నువ్వు కంగారు పడకు.”

“నువ్వు గట్లంటేనే నాకు భయం.”

పెళ్లయి ఏడాదైనా అత్తగారు చంద్రావతి భార్గవ్‌తో ఒక్క మాట నేరుగా మాట్లాడలేదు. అతను ఎదురుగా కూర్చున్నా సరే, కూతురి ద్వారానే అడిగేది. కాకినాడ అల్లుడు కాలు మీద కాలేసుకుని తన కూతురి చేత చాకిరీ చేయిస్తాడని ఆవిడ అనుమానం. ఈ పూట సిరిసిల్ల నుంచి మొదటిసారి అమీర్‌పేట ఫ్లాటుకి వస్తోంది. తనే వండిపెట్టి ఆవిడ నోట మాట రప్పించాలని భార్గవ్ పంతం.

కుక్కర్ కూసింది. భార్గవ్ ఉల్లిపాయలు తరుగుతూ లెక్కపెట్టాడు. మూడో కూతకి స్టవ్ కట్టేశాడు.

పక్క స్టవ్ మీద నూనె కాగుతోంది. తడిచేత్తో ఎండుమిర్చి వేశాడు. నూనె భగ్గున చిందింది. వెనక్కి గెంతాడు. మోచెయ్యి తగిలి పెరుగు గిన్నె నేలపాలైంది. మిర్చి మాడి ఘాటు ఇల్లంతా కమ్మేసింది. దగ్గుతూ కుక్కర్ దగ్గరికి పరిగెత్తాడు. పప్పైనా మిగిలితే చాలు!

మూత తీశాడు. కందిపప్పు బద్దలు బద్దలుగా, గులకరాళ్లలా ఉంది.

అప్పుడే కుక్కర్ మళ్లీ కూసింది.

భార్గవ్ కొయ్యబారిపోయాడు. కుక్కర్ మూత తన చేతిలోనే ఉంది!

మెల్లగా కిటికీ వైపు తిరిగాడు. రెండు ఫ్లాట్ల మధ్య ఉన్న డక్టుకి అవతల పక్కింటి రత్నమాలగారి వంటిల్లు. నాలుగో కూత అక్కడిది. మొదటి మూడూ అక్కడివే. తన కుక్కర్ విజిల్, కడిగింది కడిగినట్టే, సింకు పక్కన ఉంది.

కాలింగ్ బెల్ మోగింది.

చంద్రావతి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికొచ్చింది. “రజనీ, ఏందే గీ పొగ? అడుగు మీ ఆయనను.”

“బయట నుంచి తెప్పిద్దామా?” రజని అతని చెవిలో గొణిగింది.

భార్గవ్ తల అడ్డంగా ఊపాడు. “అత్తయ్యగారూ, నేను కుక్కర్‌కి విజిల్ పెట్టలేదు. పక్కింటి కూతలు లెక్కపెట్టి స్టవ్ కట్టేశాను.”

చంద్రావతి కుక్కర్‌లోకి తొంగిచూసింది. ఆవిడ భుజాలు కదిలాయి. రజని కంగారుగా దగ్గరికెళ్లింది. ఏడుపు కాదు. నవ్వు! ఫ్రిజ్‌ని పట్టుకుని మరీ నవ్వుతోంది.

“వాళ్లింట్ల కూస్తే నీ పప్పెట్ల ఉడుకుతది బిడ్డా?”

రజని నోరెళ్లబెట్టింది. తల్లి అది గమనించనే లేదు. కొంగు నడుముకి దోపింది.

“సూస్తవేంది? నీళ్లు పోసి విజిల్ పెట్టు. గా పెరుగు తుడువు. ఉల్లిగడ్డ గింత లావు కోస్తరా? మీ కాకినాడల కత్తులకు పదును లేదా?”

“ఉంది, అత్తయ్యగారూ...”

“మరి నీకే లేదా?”

“అమ్మా, జర ఊపిరి తీసుకోనియ్యే,” అంది రజని.

“నువ్వు నడుమల రాకు. నేను అల్లునితోని మాట్లాడుతున్న.”

భార్గవ్ గుడ్డ కోసం బాల్కనీలోకి పరిగెత్తాడు, వెనక నుంచి ఇంకో తిట్టు తరుముతుంటే, ఈలవేసుకుంటూ.