పక్కవాడి చెవి

ఆ ఫ్యాక్టరీలో దూరం కొట్టే పెద్ద తుపాకులు తయారయ్యేవి. అవి సైన్యానికి వెళ్లే ముందు ఒక్కోదాన్నీ కాల్చి చూసి, బాగుందో లేదో తేల్చడం అతని ఉద్యోగం. కాల్చి చూసే రేంజిలో అందరూ అతన్ని బావ అనే పిలిచేవారు. నిజానికి అతను బావ అయింది ఒక్కడికే, తన భార్య తమ్ముడికి, కాల్చేటప్పుడు పక్కన పడుకుని టెలిస్కోపులో చూసేవాడికి. వాడు పొద్దస్తమానం బావా బావా అంటుంటే వినీ వినీ మిగతావాళ్లకూ అదే అలవాటైంది. ఆఫీసరు కూడా ఒకసారి నోరు జారి బావగారూ అనేసి, దగ్గుతో కప్పిపుచ్చుకున్నాడు.

బావమరిదిని గాలోడు అనేవారు. పనీపాటా లేకుండా తిరిగేవాణ్ణి అలా అంటారు గానీ, వీడికి గాలే ఉద్యోగం. గడ్డి ఎటు తల వాలుస్తోందో, ఎండకు నేలమీంచి లేచే సెగ ఎటు వంగుతోందో చూసి, తూటా ఎంత పక్కకు కొట్టుకుపోతుందో చెప్పాలి. ఆ లెక్కలో వాణ్ణి మించినవాడు లేడు. ఆ సంగతి వాడి నోటి నుంచే ఎక్కువసార్లు విన్నారనుకోండి, అది వేరే విషయం.

ఆ తుపాకీని నిలబెడితే మనిషి భుజం దాకా వస్తుంది. తూటా చూపుడువేలి కంటే పొడుగు. అంత తూటా వదిలితే కాల్చినవాడి భుజం ఊడి చేతికి రావాలి. అలా ఊడకుండా గొట్టం చివర ఒక ఉక్కుమూతి బిగిస్తారు. దాని పక్కలకు చిల్లులుంటాయి. మండిన గ్యాసు వాటిలోంచి రెండు పక్కలకీ, కాస్త వెనక్కీ తన్నుకొస్తుంది. కాల్చినవాడికి గట్టిగా ఒక తోపు తోసినట్టుంటుంది, అంతే. పక్కకు పోయేది ఎవరికి తగులుతుందో బావ ఎన్నడూ ఆలోచించలేదు.

ఇద్దరి మధ్యా బావ పెట్టిన నియమం ఒకటుంది. గాలోడు చెప్పిన సవరణను బావ తిరిగి చెప్పాలి. అది విని గాలోడు ‘సరే’ అనాలి. సరే అనేదాకా బావ వేలు ట్రిగ్గరు మీదకు పోదు. గాలోడిది మైకు మింగిన గొంతు, చెవులకు చప్పుడు ఆపే డిప్పలు పెట్టుకున్నా బావకు వినపడుతుంది. బావ గొంతే పీల. మొదట్లో ఒకరోజు గాలోడు డిప్పల్లోంచి తప్పుగా విన్నాడు. బావ వాణ్ణి నలుగురిలో నిలబెట్టి దులిపేశాడు. నా మాట వినపడకపోతే ఇంటికి పొమ్మన్నాడు. ఆ మర్నాటి నుంచి గాలోడు బావ వైపున్న డిప్పను కొంచెం పైకి జరుపుకుని పడుకునేవాడు. బావ అది చూశాడు. దారికొచ్చాడులే అనుకున్నాడు. అలా ఏళ్లు గడిచాయి.

ఆ రోజు సైన్యం వాళ్లు కొత్త తుపాకులు చూడ్డానికి వచ్చారు. వెనక కుర్చీల్లో కూర్చున్నారు. గురిపెట్టాల్సిన ఉక్కుపలక కిలోమీటరున్నర అవతల. పలకకు కాస్త కుడిపక్కన, కందకంలో, పలకలు మార్చే మనుషులు దాక్కుని ఉన్నారు. మొదటి తూటా కొంచెం కుడిగా పోయింది.

“ఎడమ రెండు” అన్నాడు గాలోడు.

“కుడి రెండు” అన్నాడు బావ. చెమట కంట్లో పడిందో, వెనక కుర్చీల మీద మనసుందో గానీ, నోరు తప్పు చెప్పింది, చెయ్యి తప్పే చేసింది.

“సరే” అన్నాడు గాలోడు.

తూటా వెళ్లి కందకం అంచున మట్టి లేపింది. ఫోను మోగింది. అవతలి నుంచి వచ్చిన తిట్లలో కళ్లూ ఉన్నాయి, కన్నవాళ్లూ ఉన్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. గాలి మారిందని ఆఫీసరు ఏదో సర్దిచెప్పి, అతిథుల్ని టీకి లేపుకుపోయాడు.

బావ లేవలేదు. తప్పు తనదే. కానీ ఆ తప్పును ఆపాల్సిన సరే ఎందుకు ఆపలేదు? కంటికి తుపాకీ మీది దుర్భిణి ఆనించి, తుపాకీ ఖాళీగా ఉందని చూసుకుని, “మళ్లీ చెప్పరా” అని కేక పెట్టాడు.

“ఎడమ రెండు.”

“ఎడమ రెండు వంకాయలు” అన్నాడు బావ, ఎప్పటి గొంతుతోనే.

“సరే, కొట్టు.”

బావకు నవ్వు రావాల్సింది. రాలేదు. గాలోడి భుజం పట్టి తనవైపు తిప్పుకున్నాడు.

“ఎప్పట్నుంచి రా?”

గాలోడు పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు. “ఈ పక్క చెవే బావా. ఆ పక్కది బాగానే ఉంది.”

“మరి ఏటా చెవుల పరీక్ష?”

“చప్పుడు మీట నొక్కే డాక్టరు చెయ్యి అద్దాల బీరువాలో కనపడుతుంది. ఆయన నొక్కితే నేనూ నొక్కుతా. ఆఫీసరుకి చెప్పకు. ఈ టెలిస్కోపు తప్ప నాకేం వచ్చని?”

“కందకంలో మనుషులున్నారు. వాళ్లకేమన్నా అయితే?”

“నాకయింది కదా” అన్నాడు గాలోడు. అది ఎకసెక్కం కాదు. “ఇన్నేళ్లలో ఒక్కసారైనా నా చోట పడుకున్నావా నువ్వు?”

బావ లేచి, వాడి చాప మీద పడుకున్నాడు. తుపాకీ గాలోడికిచ్చాడు. వాడు పడుకునే తీరుగానే, తుపాకీ వైపు డిప్ప కొంచెం జరుపుకున్నాడు. గాలోడు వద్దన్నాడు. కొట్టమన్నాడు బావ.

చెంప ఛెళ్లుమంది. పళ్లు టకటకలాడాయి. నోట్లో ఇసుక, ముక్కులో మందు వాసన. చెవిలో కూత మొదలై ఎంతకీ ఆగలేదు. తుపాకీ వెనక పడుకున్నవాడికి తోపు, పక్కన పడుకున్నవాడికి లెంపకాయ. దాన్ని వీడు రోజూ తిన్నాడు, తన మాట వినడం కోసం. బావకు తల ఎత్తి వాడి మొహం చూడాలంటే సిగ్గేసింది.

లేచి బట్టలైనా దులుపుకోకుండా ఆఫీసరు గదికి నడిచాడు. గాలోడు వెంటపడి చొక్కా పట్టుకున్నాడు.

“బావా, నీ కాళ్లు పట్టుకుంటా. నా పొట్ట కొట్టకు.”

“ఇంకో చెవి మిగిలింది” అన్నాడు బావ. “దాన్నైనా ఇంటికి తీసుకుపోదాం.”

ఆఫీసరుకు అంతా చెప్పాడు. వాడు డిప్ప పైకి జరుపుకునేలా చేసింది తనేనని కూడా చెప్పాడు. ఆఫీసరు గాలోణ్ణి అదే వారం తుపాకులకు దుర్భిణులు బిగించే గదికి మార్చాడు. చల్లటి గది, చప్పుడు లేదు. పక్కన పడుకునేవాడి చోటు బాగా వెనక్కి జరిపించి, ఒకరి మాట ఒకరికి డిప్పల్లోనే వినపడేలా తీగ వేయించాడు. ఇవన్నీ మంచి పనులే. గాలోడికి మాత్రం కళ్లముందు గాలి లేకుండా పోయింది. బావ ఎదురొస్తే పక్క దారి పట్టేవాడు. ఇంటికి రావడం మానేశాడు.

ఇంట్లో భార్యకు విషయం తెలిసింది. చివరికి ఒక సెలవు రోజు ఆమే వెళ్లి, తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని భోజనానికి తీసుకొచ్చింది.

అక్కా తమ్ముడూ నేల మీద కూర్చున్నారు. బావ కంచం పట్టుకుని కాసేపు తటపటాయించి, గాలోడికి వినపడని వైపు వెళ్లి కూర్చున్నాడు. తెలిసే కూర్చున్నాడు. అన్నం కలుపుతూ తల వంచుకునే అన్నాడు, “నా మాట వినాలని నీ చెవి తీసేశాను రా. నా తప్పే. నన్ను క్షమించు.”

గాలోడు పప్పు పోసుకుంటూ తన మానాన తను తింటున్నాడు. బావకు గుండె మీంచి సగం బరువు దిగినట్టే అయింది. చెప్పేశాను, ఇక చాలనుకున్నాడు.

భార్య గరిటె కింద పెట్టింది. “అది వినపడని చెవి” అంది నెమ్మదిగా. “ఇటువైపు వచ్చి చెప్పండి.”

బావ కంచం తీసుకుని లేచాడు. అటు నుంచి ఇటు రావడానికి ఎంతో దూరం లేదు, అయినా నెమ్మదిగానే వచ్చాడు. గాలోడు తినడం ఆపి, విషయమేమిటో తెలియక, ముందు అక్క మొహం, తర్వాత బావ మొహం చూశాడు. ఆపైన కొంచెం జరిగి బావకు చోటిచ్చాడు.