కిటికీ పక్క కుర్చీ

పుస్తకాల చివర వచ్చే పదసూచికలు తయారుచేయడం ఆయన వృత్తి. ఇంట్లో వెలుతురు బాగా వచ్చే ఒకే ఒక్క కిటికీ పక్కన ఆయన కుర్చీ ఉండేది. దాని మీద భార్య కన్ను పడి పదహారేళ్ళయింది. చివరికి పందెం కుదిరింది: కంప్యూటర్లో ఒంటరి పేకాట వరుసగా వంద ఆటలు గెలిస్తే కుర్చీ ఆవిడది. అప్పటిదాకా ఆవిడ వరుసగా గెలిచినవి ఏడుకు మించలేదు. ఆయన నవ్వుకుంటూ, "ఆట తెర మీద కనబడే లెక్కే ప్రమాణం" అని నియమం కూడా రాసి సంతకం చేశాడు.

ఆ వారమే ఆయనను మరో పురుగు తొలిచింది. డిస్కులో కంప్యూటరును నడిపే భాగాన్ని, అంటే సిస్టమ్ పార్టిషన్‌ను, ఉన్నదున్నట్టు ప్రతి తీసి, చెడిపోయిన నాడు మళ్ళీ ఆ స్థితికే తెచ్చే సాఫ్ట్‌వేర్లలో ఏది మేలు? మూడింటిని ఎంచి, తొమ్మిది గడుల పట్టిక గీశాడు. తన కంప్యూటరు మీద ప్రయోగించే ధైర్యం లేక భార్య కంప్యూటరు మీద పడ్డాడు.

మొదటిది నల్లటి తెర మీద ముప్పై ప్రశ్నలు వేసి ప్రాణం తీసింది. మూడవది ప్రతి తీసేటప్పుడు ముద్దుగా నవ్వి, తిరిగి పెట్టమనేసరికి మొహం చాటేసింది. రెండవది మాత్రం రెండు మీటలు నొక్కితే పావుగంటలో పని ముగించింది.

"నా ఉత్తరాలు పోవు కదా?" అంది భార్య.

"అవి వేరే పార్టిషన్‌లో ఉన్నాయి. సిస్టమ్ ఒక్కటే వెనక్కి వెళ్తుంది. నిన్నటి ప్రతి పెడితే నిన్నటిలాగే లేస్తుంది."

"ఆటలూ అవీ కూడానా?"

"అచ్చం నిన్నటిలాగే."

ఆవిడ తెర మూలనున్న పేకాట బొమ్మ వంక చూసింది. "ఏమండీ, ఆ రెండోది నాకూ నేర్పండి."

ఆయన ఉబ్బిపోయాడు. పట్టికలో "సామాన్యులు వాడగలరా" అన్న గడి ఇంకా ఖాళీగానే ఉంది.

తరువాతి వారాల్లో పక్క గదిలోంచి లెక్కలు వినబడసాగాయి. ముప్పై. అరవై. ఎనభై ఎనిమిది.

"ఎలా గెలుస్తున్నావు?"

"శ్రద్ధండీ. మీ దగ్గరే అబ్బింది."

తొంభై తొమ్మిది అని వినబడిన మధ్యాహ్నం, మనసు కుదుట పరచుకోవడానికి, ఆయన "నమ్మకం" అన్న చివరి గడి నింపుదామని ప్రతులు దాచిన విడి డిస్కును తెరిచాడు. రెండవ సాఫ్ట్‌వేరు తాను చేసిన పనులన్నీ అందులో చిట్టాగా రాసిపెట్టుకుంది. ఆయన చేసిన పునరుద్ధరణ ఒక్కటే. చిట్టాలో ఉన్నవి అరవై అయిదు. ఆఖరిది అరగంట క్రితంది.

ఆయన పక్క గది గుమ్మంలో నిలబడ్డాడు. "గెలిచినప్పుడల్లా ప్రతి తీసి, ఓడినప్పుడల్లా వెనక్కి పోతున్నావన్నమాట. ఇది దొంగాట."

"తెర మీది లెక్కే ప్రమాణమని ఎవరు రాశారో?"

"వందోది ఓడితే?"

"పావుగంట ఆలస్యమవుతుంది. అంతే."

ఆయన తన గదికి వచ్చి, గుండ్రని దస్తూరీతో చివరి గడి నింపాడు: "రెండవది. అరవై అయిదు సార్లు పరీక్షించడమైనది. ఒక్కసారీ తప్పలేదు." పెన్సిలు కింద పెట్టి, కిటికీ గట్టు మీది నిఘంటువులను ఒక్కొక్కటిగా దించడం మొదలుపెట్టాడు.