సొట్ట గిన్నె తూకం

గిన్నె పోయి ఇరవై రెండేళ్ళయినా ఆవిడ దాన్ని మరిచిపోయే రకం కాదు. మొగుడి రక్తపోటు మాత్ర మరిచిపోతుంది, పొయ్యి మీద పాలు మరిచిపోతుంది, ఎవరికీ చెప్పొద్దన్న మాటైతే చెప్పొద్దన్న సంగతే మరిచిపోతుంది. గిన్నె దగ్గరికొచ్చేసరికి మాత్రం తప్పిపోయిన బిడ్డ ఆనవాళ్ళు చెప్పినట్టు చెబుతుంది: అరచేయంత స్టీలు గిన్నె, మందమైన అడుగు, అంచు కింద బొటనవేలు పట్టేంత సొట్ట.

ఆ ఉదయమూ అంతే. అతను గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. వంటింట్లోంచి ముందు మూతల చప్పుడు, దాని వెనకే మాట వచ్చాయి.

"ఇవాళ్టితో ఉద్యోగం అయిపోతుందిగా. రేపు తీరిగ్గా మీ చెల్లెలింటికి వెళ్ళి మర్యాదగా నా గిన్నె అడిగి పట్రండి."

"అది తీస్తుండగా నువ్వు చూశావా?"

"చూడక్కర్లేదు. ఆ రోజు ఇంటికొచ్చిన మనిషి తనొక్కతే. గిన్నెకి కాళ్ళొచ్చి నడిచి వెళ్ళిందా?"

గిన్నెకు కాళ్ళు లేవు గాని మోసుకెళ్ళినవాడికి ఉన్నాయి. ఆ కాళ్ళకే అతను ఇప్పుడు బూట్లు తొడుగుతున్నాడు. నిజం చెప్పడానికి మంచి సమయం కోసం మొదటి ఏడాదంతా ఎదురుచూశాడు. రెండో ఏడాదికి, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదనే ప్రశ్న గిన్నె కంటే బరువెక్కింది. ఆ తర్వాత వదినా మరదళ్ళ పట్టింపు కూడా ఇంట్లో పాత సామానులా ఒక మూల స్థిరపడిపోయింది. దుమ్ము దులుపుకుంటూ బతకడమే తప్ప కదిపే ధైర్యం ఎవరికీ లేదు.

"టిఫిను డబ్బా మరిచిపోకండి," అంది ఆవిడ.

మరిచిపోయాడు. వెనక్కి వచ్చి తీసుకున్నాడు.

అతను పనిచేసే చోట అందరూ అతన్ని తూకం బాబాయి అంటారు. నడవా చివర, కిటికీల్లేని గదిలో ఉన్న జంతువులను ముప్పై ఒక్క ఏళ్ళుగా అతనే తూస్తున్నాడు. మొదట్లో అది మామూలు గది. తలుపు తోస్తే తెరుచుకునేది, టీ గ్లాసుతో లోపలికి వెళ్ళినా ఎవరూ ఏమనేవారు కాదు. తర్వాత ప్రమాదకరమైన జబ్బుల మీద పని మొదలై తలుపులు రెండయ్యాయి, రెంటి మధ్యా స్నానాల గది వచ్చింది. ఒంటి మీద బట్టలు, గడియారం, కళ్ళజోడు అన్నీ బయట వదిలి, లోపలి బట్టలు తొడుక్కుని, లోపలి కళ్ళజోడు పెట్టుకుని, గాలిగొట్టం ఉన్న ముసుగు బిగించుకోవాలి. లోపలికి వెళ్ళిన వస్తువు లోపలే ఉండాలని నియమం. మనిషి ఒక్కడికే మినహాయింపు, అదీ స్నానం చేస్తేనే.

ఆ లెక్కన పొద్దున ఇంట్లో ఒక స్నానం, పని ముగిశాక ఇక్కడ ఒకటి, ఇంటికెళ్ళగానే ఆవిడ గుమ్మంలోనే ఆపి చేయించేది మూడోది. ఊళ్ళో తనంత శుభ్రమైన మగవాడు లేడని అతని వాదన. ఇంకా ఎలకల వాసన వస్తోందని ఆవిడ వాదన.

ఎలకలు కావవి. హామ్‌స్టర్లు. బొద్దుగా, పిడికిట్లో పట్టేంత ఉంటాయి. తోక పెట్టాలా వద్దా అని ఆలోచిస్తూ మధ్యలో వదిలేసినట్టు ఉంటుంది. కరోనా సోకితే మనుషుల్లాగే వాటి ఊపిరితిత్తులూ దెబ్బతింటాయి. అందుకే లోకంలో ఆ వైరస్ వేషం మార్చినప్పుడల్లా కొత్త వేషం పాతదానికంటే ఎంత చెడ్డదో వీటిలో పోల్చి చూస్తారు. ఈసారి ఇరవై నాలుగు పంజరాలు. ఎనిమిదింటికి ఏ జబ్బూ లేదు, ఎనిమిదింటికి పాత రకం, ఎనిమిదింటికి కొత్త రకం. జబ్బు ముదిరితే బరువు తగ్గుతుంది. కాబట్టి రోజూ పొద్దున తూకం. ఇవాళ ఏడో రోజు, ఆఖరుది. మధ్యాహ్నం వాటిని శాశ్వతంగా నిద్రపుచ్చాక, పక్క గదివాళ్ళు ఊపిరితిత్తులు కోసి చూస్తారు. సాయంత్రం నాలుగింటికి పెద్దల మీటింగు. అక్కడ చిన్న డాక్టరమ్మ కొత్త రకం తేలికో గట్టిదో చెప్పాలి. ఆవిడ మాటను బట్టి ఆసుపత్రుల్లో జాగ్రత్తలు సడలిస్తారు, లేదా ఉంచుతారు.

ఆరు రోజుల అంకెలూ ఒక్కమాటే చెబుతున్నాయి. పాత రకం సోకినవి రోజురోజుకూ చిక్కిపోయాయి. కొత్త రకం సోకినవి చెక్కుచెదరలేదు.

తూకం బాబాయికి అదే మింగుడు పడలేదు. పంజరాల కింద పొట్టు మార్చేది అతనే. కొత్త రకం గూళ్ళలో మేత గుళికలు ఖాళీ అవుతున్నాయి గాని, పొట్టు చూస్తే ఉపవాసం ఉన్నవాడి ఇల్లులా ఉంది. గింజంత పెంట కూడా సరిగా కనబడదు.

అద్దం గోడకు అవతల చిన్న డాక్టరమ్మ మైకు ముందు కూర్చుంది. అతని పెద్ద కూతురికంటే రెండేళ్ళు చిన్నది. బుద్ధిమంతురాలు, పనిలో కచ్చితం. తన టీ చల్లారిపోయినా గమనించదు.

"అమ్మా, ఇవి తినట్లేదు," అన్నాడు.

"గుళికలు అయిపోతున్నాయి కదా బాబాయ్."

"బుగ్గల్లో దాస్తున్నాయమ్మా. మింగట్లేదు. తిన్నది ఎక్కడో ఒకచోట కనపడాలి కదా. మనం చేసే తూకం ఒంటిది కాదు, బుగ్గలది."

ఆవిడ నవ్వింది. వెక్కిరింపు కాదది, ఇంట్లో పెద్దవాళ్ళ చాదస్తానికి నవ్వే నవ్వు. "అన్నీ దాస్తాయి బాబాయ్, ఆరోగ్యంగా ఉన్నవి కూడా. ఆ తేడా సర్దుకుపోతుంది."

"బుగ్గలు ఖాళీ చేసి తూస్తాను, ఒక్కసారి."

"ఆరు రోజులు ఒకలాగ, ఏడో రోజు ఇంకోలాగ తూస్తే ఆ అంకెకి విలువేముంటుంది చెప్పండి?"

అది నిజమే. ఈ కొత్త పద్ధతి ఆవిడ రాసిందే: జంతువును గూట్లోంచి తీసి నేరుగా యంత్రం మీద పెట్టాలి, అంకె దానంతటదే తెర మీదికి వెళుతుంది. ఎక్కువసేపు పట్టుకుంటే జంతువు బెదురుతుందని, చేతి తొడుగు కొరికితే మనిషికి ప్రమాదమని ఆవిడ భయం. ఆ భయంలో తన క్షేమం కూడా ఉందని అతనికి తెలుసు.

యంత్రం రాకముందు త్రాసు ఉండేది, ఇత్తడి తూనికరాళ్ళతో. పెద్ద డాక్టరు పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, అతను పైకి చదివిన అంకెను మళ్ళీ పైకి చదివి రాసేవాడు. పొద్దున్నే ఆ రెండు గొంతులూ గదిలో పాఠం అప్పజెప్పినట్టు వినిపించేవి. ఒక రోజు త్రాసు పళ్ళెం విరిగింది. మర్నాడు అతను చేతికందిన గిన్నె ఇంటి నుంచి పట్టుకొచ్చాడు, సాయంత్రం తిరిగి పట్టుకెళదామనే. పెద్ద డాక్టరు సొట్టలో బొటనవేలు పెట్టి, "భలే పట్టు దొరికిందోయ్, దీన్ని ఉండనీ," అన్నాడు. ఆ మాట మీద అది ఉండిపోయింది. గదికి రెండు తలుపులు వచ్చాక ఇక బయటికి రాలేకపోయింది.

బుగ్గల సంగతి నేర్పిందీ ఆయనే. చెవి కింద నుంచి మూతి వైపు బొటనవేలితో నెమ్మదిగా తోస్తే దాచిన సొత్తంతా బయటికి వస్తుంది. "తూకానికి ముందు జేబులు చూడవోయ్. వీడు దొంగ కాడు, జాగ్రత్తపరుడు," అనేవాడు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ముక్కాలిపీట మాత్రం మూల అలాగే ఉంది. ఎవరూ కూర్చోరు, తీసేయమని ఎవరూ అనరు.

"అమ్మా," అన్నాడు మళ్ళీ. "మీ తూకం మీ పద్ధతిలోనే చేస్తాను. మధ్యాహ్నం అవి నిద్రపోయాక బుగ్గలు చూస్తాను. అప్పుడు బెదిరేదీ లేదు, కొరికేదీ లేదు."

ఆవిడ గడియారం చూసుకుంది. "చూడండి బాబాయ్. ఆఖరి రోజు మీ ముచ్చట నేనెందుకు కాదనాలి?"

ముచ్చట అన్న మాట మెత్తగానే వచ్చింది గాని దూదిలో దాగిన సూదిలా దిగింది. అతను మొదటి పంజరం మూత తీశాడు.

మధ్యాహ్నం ఒక్కొక్కదాన్నీ మత్తుగాలి పెట్టెలో పెట్టాడు. అవి నిద్రలోకి జారి, నిద్రలోనే వెళ్ళిపోయాయి. ఊపిరి ఆగేదాకా ప్రతిదాని వీపు మీదా అరచెయ్యి ఉంచాడు. ఇది ఏ పద్ధతిలోనూ రాసిలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎన్నిటి మీద అలా చెయ్యి వేశాడో అతను లెక్కపెట్టలేదు. తూకం మనిషే అయినా కొన్నిటిని లెక్కపెట్టకూడదని అతని నియమం.

తర్వాత బుగ్గలు ఒత్తాడు. ఆరోగ్యంగా ఉన్నవాటిలో రెండు మూడు గుళికలు. పాత రకంవాటిలో ఏమీ లేదు, దాచుకునే ఓపిక కూడా పోయింది వాటికి. కొత్త రకంవాటి బుగ్గల్లోంచి నాని, మెత్తబడి, మళ్ళీ గట్టిపడిన మేత ముద్దలు ముద్దలుగా రాలింది. రాలినదాన్ని సొట్ట గిన్నెలో వేసి తూచి, గిన్నెతో సహా అంకెలు కాగితం మీద రాసి, కాగితాన్ని అద్దానికి అదిమి పట్టాడు. లోపలి కాగితం బయటికి రాదు కాబట్టి అవతలినుంచి ఫోటో తీసుకోవాలి.

చిన్న డాక్టరమ్మ ఫోటో తీసింది. చూడలేదు. "థాంక్స్ బాబాయ్. మీటింగుకి టైమైపోయింది. సాయంత్రం మిమ్మల్ని కలవడం కుదరదేమో... ఆరోగ్యం జాగ్రత్త."

"మంచిదమ్మా."

నాలుగున్నరకు అతను బల్ల తుడిచాడు, గిన్నెను మందునీళ్ళలో ముంచి కడిగాడు. లోపలి కళ్ళజోడు విప్పి దాని కొక్కేనికి తగిలించాడు. జోడు తీసేశాక గది మసకగా అయింది. ముక్కాలిపీట మీద ఎవరో కూర్చున్నట్టే ఉంది. ఒక్క క్షణం నిలబడి, స్నానాల గదిలోకి వెళ్ళాడు. తలుపు తనంతట తానే మూసుకుని, గాలి పీల్చుకుని, బిగిసింది.

ఇంటి గుమ్మంలో ఆవిడ అడ్డం నిలబడలేదు. "ఇవాళ్టితో సరి కదా. రండి, ఒక్కపూట స్నానం లేకపోతే కొంప మునగదు," అంది.

అతను అలవాటు చొప్పున తువ్వాలు తీసుకుని స్నానాలగదిలోకి వెళ్ళిపోయాడు.

తలకు సబ్బు పట్టించేసరికి ఫోను మోగింది. ఆవిడకు కుడిచెవి సరిగా వినబడదు, ఎడమచెవి మీద ఆవిడకే నమ్మకం లేదు. అందుకని ఫోను ఎవరిదైనా స్పీకరు పెట్టాల్సిందే.

"స్నానంలో ఉన్నారమ్మా. ఆయనెప్పుడూ స్నానంలోనే ఉంటారు. ఉండు, తలుపు దగ్గర పెడతాను."

"బాబాయ్," అంది చిన్న డాక్టరమ్మ గొంతు. "మీటింగు అవుతుండగా పక్క గదివాళ్ళు ఊపిరితిత్తులు కోసి చూశారు. కొత్త రకంవి కూడా పాతవాటిలాగే నల్లగా గట్టిపడిపోయాయి. నేను మీటింగులో తేలికని చెప్పేశాను. మళ్ళీ అందర్నీ కూర్చోబెట్టి కాదని చెప్పాను. మీ కాగితం చూపించాను. తప్పు నాదే బాబాయ్. ముచ్చట అన్నాను చూడండి, అది మరీ తప్పు."

అతని కళ్ళలోకి సబ్బు నురగ దిగింది. చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "పర్లేదమ్మా. తర్వాత వచ్చేవాళ్ళని బుగ్గలు చూడమనండి."

"పద్ధతిలో రాసేశాను. ఒక్కటే అనుమానం. మీరు గిన్నెతో సహా తూచారు కదా, గిన్నె బరువెక్కడా రాయలేదు. ఆ సొట్ట గిన్నె బరువెంత?"

"నూట నలభై రెండు," అన్నాడు అతను, ఆలోచించకుండా.

అన్నాక ఆలోచించాడు.

ఫోను పెట్టేసిన చప్పుడైంది. తలుపుకు అవతల మాట లేదు. ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండటం అతను ఎరగడు. కుళాయి కట్టేశాడు.

"మా చెల్లెలు కాదే తీసింది," అన్నాడు తలుపుతోనే. "పాపం, దానికేం తెలీదు. నేనే పట్టుకెళ్ళాను. చెప్పకపోవడం ఇంకా పెద్ద తప్పు."

ఆవిడ, "ఇన్నేళ్ళూ నా గిన్నెలో ఎలకల్ని కూర్చోబెట్టారా?" అంది.

"ఎలకలు కావే."

"ఇంకా ఉందా?"

"ఉంది. ఇక రాదు."

ఆవిడ అడుగులు వంటింటి వైపు వెళ్ళాయి, ఆగాయి, మళ్ళీ వెనక్కి వచ్చాయి. "మీ చెల్లెలి నంబరు చెప్పండి," అంది. "ముందు ఆ సబ్బు కడుక్కోండి."

రెండు తలుపుల అవతల, తుడిచిన బల్ల మీద గిన్నె బోర్లించి ఉంది. ఇరవై రెండేళ్ళు ఒకే బొటనవేలు ఆని ఆని, మిగతా గిన్నె మసకబారినా సొట్ట ఒక్కటీ తళతళలాడుతోంది.